చమానం

పోయిన నెలలో ఒక నవల చదివాను. రాసినామెకు ముప్పై ఏళ్ళుంటాయేమో. కోదాడలో లెక్కలు చెప్పే పంతులమ్మ. ఇదే మొదటి పుస్తకం. సూర్యాపేటలో ఆవిష్కరణ పెట్టుకున్నామనీ, వచ్చి నాలుగు మాటలు మాట్లాడాలనీ ఉత్తరం జతచేసి పంపింది. జాతకాల మీదా, బాబాల మీదా, ముహూర్తాల మీదా నలభై ఏళ్ళుగా కయ్యానికి దిగి రాస్తున్నదాన్ని. నేను మెచ్చుకోవడం అరుదు కాబట్టి, మెచ్చుకుంటే ఆ మాటకు బరువుంటుందని కొత్తగా రాసేవాళ్ళకు ఒక ఆశ. చారిత్రక నవలలంటే నాకు మొదటి నుంచీ అనుమానమే. గతానికి పట్టుచీర కట్టి కూర్చోబెడతారు.

ఈ పుస్తకం అలా లేదు. మొదటి రోజు నూరు పేజీలు చదివాను. రెండో రోజు పొయ్యి మీద పప్పు మాడిన వాసన వచ్చేదాకా లేవలేదు. నిజాం కాలం. ఒక దొర ఉండే కోటలాంటి గడి, దాని కింద వారానికోసారి సంత జరిగే ఊరు. పట్వారీ కూతురు, బట్టలకు రంగులద్దేవాళ్ళ కూతురు స్నేహితులు. రంగుల పిల్లకు ఎప్పటికైనా గడిలో దొరసాని పక్కన కూర్చునే స్థాయికి ఎదగాలని కోరిక. పట్వారీ కూతురు ఆమెకు ఉర్దూ నేర్పుతుంది, కూర్చునే తీరు నేర్పుతుంది, తమలపాకు అందించే తీరు నేర్పుతుంది. రంగుల పిల్ల ఎక్కాల్సిన మెట్లన్నీ ఎక్కి, ఒకరోజు గడి వాకిట్లో ఎదురైన స్నేహితురాలిని ఎరగనట్టు వెళ్ళిపోతుంది. చివర్లో ఇద్దరూ ముసలివాళ్ళయి కలుసుకుని ఏడ్చి ఒకరినొకరు క్షమించుకుంటారు. ఆ చివరి అధ్యాయం నాకు నమ్మకం కలిగించలేదు. మిగతాదంతా సంతోషంగా చదివాను. అంత సంతోషంగా ఒక పుస్తకం చదివి చాలా ఏళ్ళయింది.

మధ్యలో ఒకచోట మాత్రం ఆగాను. గొప్ప సన్నివేశమేమీ కాదు. గడిలోకి మొదటిసారి వెళ్ళే ముందు రంగుల పిల్ల స్నేహితురాలికి తన సలాము మాటలు వినిపించి, తప్పుంటే చెప్పమంటుంది. పట్వారీ కూతురు ఒక అక్షరాన్ని పట్టుకుని మూడుసార్లు సరిదిద్దుతుంది. మూడోసారికి సరిగ్గా వస్తుంది. అంతే. రెండు పేజీలు కూడా ఉండదు.

పుస్తకం మూసేశాను. ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు. చాలాసేపు చన్నీళ్ళలో ఉంచిన చెయ్యి మనది కానట్టు ఉంటుంది చూడండి, అలా ఉండింది.

మాది మిర్యాలగూడ. కాలువ నీళ్ళు వచ్చిన కొత్తలో ఊరి చుట్టూ మిల్లులు లేచాయి. మా నాయనకు, చిన్నాయనకు కలిపి ఒక మిల్లు ఉండేది. ఉప్పుడు బియ్యం మిల్లు. వడ్లు నానబెట్టి, ఆవిరికి ఉడకబెట్టి, సిమెంటు కళ్ళంలో ఆరబోసి ఆ తర్వాత మర ఆడించేవారు. నానిన వడ్ల పులుపు వాసన మా బట్టలకు, జడలకు, చివరికి మా పుస్తకాలకు కూడా పట్టేది. బాయిలర్ గొట్టం నుంచి ఊక బూడిద నల్లగా రాలేది. దండెం మీద తెల్ల చీర ఆరేసిన రోజు మా నాయనమ్మ మిల్లును తన సొంత కొడుకు కట్టాడని మరిచిపోయి తిట్టేది.

కళ్ళం మీద ఆడవాళ్ళు పనిచేసేవారు. ఉడికిన వడ్లు ఒకే తీరుగా ఆరాలంటే గంటకోసారి నెరపాలి. అందుకు పార అక్కర్లేదు. వరసగా నిలబడి, పాదాలు ఈడ్చుకుంటూ కళ్ళం ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచేవారు. వెనక చాళ్ళు పడేవి. మళ్ళీ అడ్డంగా నడిచేవారు. మధ్యాహ్నపు ఎండలో సిమెంటు కాలుతుంటే, వడ్లు కాలుతుంటే, ఆ పాదాలు ఆగకుండా నడుస్తూనే ఉండేవి. అలా నడిచే వాళ్ళలో ఒకామె నా స్నేహితురాలి తల్లి.

స్నేహితురాలు నా తరగతే. పదో తరగతి. వాళ్ళు క్రైస్తవులు. చర్చిలో ఆదివారం వాక్యం చదివేది ఆమే. ఒకసారి చర్చి కిటికీ దగ్గర నిలబడి విన్నాను. అందులో చెప్పేదేదీ నేను అప్పటికే నమ్మేదాన్ని కాదు. గొంతు మాత్రం విన్నాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ దించాలో తెలిసిన గొంతు. పదిహేనేళ్ళ పిల్లకు అంత తెలియడం నాకు ఆశ్చర్యం వేసింది. ఆశ్చర్యంతో పాటు ఇంకేదో కూడా వేసింది. దాని పేరు అప్పుడు తెలియదు.

బడి వదిలాక ఇద్దరం మిల్లుకు వచ్చేవాళ్ళం. ఊక గుట్ట మీదికెక్కి జారడం మా ఆట. ఒళ్ళంతా దురద పుట్టేది. ఇంకో ఆట ఉండేది. ఆడవాళ్ళు కొత్తగా నెరిపిన వడ్ల మీద కాలి బొటనవేలితో అక్షరాలు రాసేవాళ్ళం. నిలువెత్తు అక్షరాలు. ఒకసారి ఆమె తన పేరు కళ్ళం పొడవునా రాసింది. వాళ్ళమ్మ దూరం నుంచి అరిచింది.

"ఏందే గా కాలిరాత! మేస్త్రి సూస్తే నా కూలి కోస్తడు. తుడుపు!"

"తుడుపుత తియ్యే. ఎట్లుందో సూడు ముందు."

"నాకేం సదువొస్తదా సూసెటందుకు?"

అలా అంటూనే దగ్గరకు వచ్చి, నడుము మీద చెయ్యి పెట్టుకుని, ఆ అక్షరాల వెంట ఒకసారి నడిచింది. తర్వాత తానే పాదంతో చెరిపేసింది.

మధ్యాహ్నానికని వాళ్ళమ్మ తెచ్చుకున్న తపాలచెక్క మిగిల్చి మా ఇద్దరికీ విరిచి ఇచ్చేది. నూకల పిండి, పల్లీలు, ఇంత కరివేపాకు. అడుగు మాడిన చోట ఎర్రగా కరకరలాడేది. ఆ మాడు ముక్క కోసం మేమిద్దరం కొట్టుకునేవాళ్ళం. మా ఇంట్లో ఈ సంగతి తెలిసి నాయనమ్మ పెద్ద లొల్లి చేసింది.

"ఎవలింట్ల పిండి తింటున్నవే నువ్వు? గా పిల్లను పడసాల దాక రానిస్తున్న, గది సాలదా?"

"పిండి మన మిల్లుదే నాయనమ్మా. నూకలు మనయే."

"నూకలు మనయే. సేతులు మనయా?"

ఆ మాటకు నేను స్నేహితురాలిని చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయి, మా బిందెలోంచి ఆమె చేత నీళ్ళు ముంచించి, నాయనమ్మ ఎదుటే గడగడ తాగాను. నాయనమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. నాయన నన్ను కొట్టాడు. దెబ్బలు తిన్నందుకు ఎంత గర్వపడ్డానో చెప్పలేను. బడిలో మా తెలుగు సారుకు చెబితే ఆయన నా తల మీద చెయ్యి వేసి "అట్లా ఉండాలమ్మా" అన్నారు.

సారు కృష్ణ అవతలి నుంచి వచ్చినాయన. ఒక సంస్కరణ సంఘంలో పెద్దమనిషి. ఆదివారం మధ్యాహ్నాలు బడి వరండాలో మా చేత వాదనలు చేయించేవారు. దెయ్యం ఉందనడానికి ఆధారమేమిటి, శకునం ఎవరికి లాభం, ఇలాంటివి. నేను ఇవాళ రాసే ప్రతి వాక్యమూ ఆ వరండాలో పుట్టింది. ఆయన దగ్గర ఒకే ఒక్క పట్టింపు ఉండేది. వేదికెక్కితే పుస్తకాల తెలుగే మాట్లాడాలి. "ఉంటది, అయితది" అంటే మార్కులు కోసేవారు. మనుషులందరూ ఒకటేనని నేర్పిన మనిషి, నోట్లో మాటలను మాత్రం రెండు బంతుల్లో కూర్చోబెట్టాడు. అందులో తప్పుందని ఆయనకు ఎన్నడూ తోచలేదు. నాకూ అప్పుడు తోచలేదు. తోచాల్సిన అవసరం నాకు లేకుండింది. మా అమ్మ కోదాడ అవతల, సారు వాళ్ళ వైపు ఊరి ఆడబిడ్డ. "ఉంటుంది, అవుతుంది" నాకు పాలతోనే వచ్చాయి.

ఆ ఏడు ఎండాకాలం ముందు సంఘం వాళ్ళు సూర్యాపేటలో వక్తృత్వ పోటీ పెట్టారు. గెలిచిన ఆడపిల్లకు హైదరాబాదులో వాళ్ళు నడిపే వసతిగృహంలో ఉండి రెండేళ్ళు చదువుకునే అవకాశం. ఒకరికే. మా బడి నుంచి మా ఇద్దరినీ ఎంపిక చేశారు సారు.

మా ఇంట్లో పదితో చదువు ఆపాలని నిర్ణయం అయిపోయింది. ఆమె పరిస్థితి వేరే చెప్పనక్కర్లేదు. పరీక్షలు కాగానే కళ్ళం మీద వరసలో ఇంకో జత పాదాలు. ఇద్దరికీ ఆ ఒక్క తలుపే ఉంది. అది ఒక్కరు పట్టేంత వెడల్పే ఉంది. ఈ సంగతి మేము ఎన్నడూ మాట్లాడుకోలేదు.

"నాకు మీ తీరు మాటలు నేర్పుతవానే?" అని ఆమే అడిగింది, ఊక గుట్ట మీద కూర్చుని. "కాయితం మీద ఉంటే సదువుత. కాయితం లేకుంట మాట్లాడితే నోరు మల్ల ఇంటికే పోతది."

నేర్పాను. నిజంగానే నేర్పాను. నెల రోజులు. ఉంటది కాదు, ఉంటుంది. గిట్ల కాదు, ఇలా. పోయిన్రు కాదు, వెళ్ళారు. ఆమె తొందరగా పట్టుకుంది. సూడు, సెప్పు, సదువు దగ్గరే చిక్కు వచ్చేది. తడవ తడవకూ మరిచిపోతుంటే నేనొక సూత్రం చెప్పాను. లెక్కల్లో చెప్పినట్టు.

"నోటికి స వచ్చిందనుకో, దాన్ని చ చెయ్యి. సూడు అని రాబోతే చూడు అను. అంతే."

"గంతేనా?"

"అంతే."

ఆమె ఆ సూత్రాన్ని బుద్ధిగా పాటించింది. పది రోజుల్లో చూడు, చెప్పు, చదువు నున్నగా వచ్చాయి. పోటీ విషయం, చదువు ఒక్కటే మనుషుల్ని సమానం చేస్తుందా అని. నేను చేస్తుందని వాదించాలి. ఆమె చేయదని. ఆమె ఉపన్యాసం తానే తయారు చేసుకుంది. ఒక సాయంత్రం ఊక గుట్ట మీద నిలబడి నాకు వినిపించింది.

ఉడికేటప్పుడు వడ్లన్నీ ఒక్కటే, అంది. ఒక్క నీళ్ళలో నానుతాయి, ఒక్క ఆవిరికి ఉడుకుతాయి, ఒక్క ఎండకు ఎండుతాయి. మర ఆడాకే బియ్యం ఒక పక్కకు, నూకలు ఒక పక్కకు. నూకలు చేసిన తప్పేమిటి? విరగడం. విరిచింది ఎవరు? మర. చదువు కూడా మరే. ఎవరు పూర్తిగా బయటికొస్తారో, ఎవరు విరుగుతారో మర నడిపేవాడి చేతిలో ఉంది. తినేవాడి ఆకలిని అడగండి. ఆకలికి బియ్యమూ నూకలూ చమానం.

నేను విన్నాను. వేగం పెరిగినప్పుడు, కాగితం ముందు లేనప్పుడు, సూత్రం ఆమె నోటిని దాటి పని చేసింది. ప్రతి స మీదా అనుమానం వచ్చి, సరిగ్గా ఉన్న దాన్ని కూడా దిద్దేసింది. ఆమెకు తెలియలేదు. రెండోసారి చెప్పినప్పుడు కూడా, సమానం అనాల్సిన చోట మళ్ళీ అదే వచ్చింది. చమానం.

"ఎట్లుంది?" అంది ఆయాసపడుతూ. "తప్పులుంటే సెప్పు. కాదు కాదు, చెప్పు."

నా ఉపన్యాసంలో వడ్లు లేవు. పుస్తకాల్లోంచి ఎత్తిన మాటలున్నాయి. ఆమెది విన్నాక ఏది గెలవాలో నాకు తెలిసిపోయింది.

"ఏం లేవు," అన్నాను. "మంచిగుంది."

ఆమె చేతి నీళ్ళు తాగడానికి నాకు ధైర్యం సరిపోయింది. ఆమె నాకంటే బాగా మాట్లాడుతుందని ఒప్పుకోవడానికి సరిపోలేదు.

పోటీ రోజు పొద్దున సారు మమ్మల్ని బస్సులో సూర్యాపేట తీసుకుపోయారు. గ్రంథాలయం హాలు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి కానీ గాలి కింది దాకా రావడం లేదు. నూటయాభై మంది దాకా ఉన్నారు. నా వంతు ముందే అయిపోయింది. చప్పట్లు కొట్టారు. మర్యాద చప్పట్లు.

తర్వాత ఆమె. మొదటి మాటకే హాలు నిశ్శబ్దమైంది. వడ్లు నానాయి, ఉడికాయి, ఎండాయి. ముందు వరసలో కూర్చున్న న్యాయనిర్ణేత ఒకాయన కలం పక్కన పెట్టి వినడం చూశాను. నూకలు వచ్చాయి. ఆ చోటు దగ్గరికొస్తున్నదని నాకు ఒక్కదానికే తెలుసు.

సరిగ్గా అప్పుడే వెనక తలుపు కిర్రుమంది. వెలుతురు లోపలికి పడింది. గుమ్మంలో వాళ్ళమ్మ. మా మిల్లు లారీ తవుడు బస్తాలతో సూర్యాపేట వస్తుంటే, సగం పూట పని చేసి, బస్తాల మీద కూర్చుని వచ్చింది. బిడ్డ మాట్లాడితే వినాలని. తల నిండా తవుడు. చీర కుచ్చిళ్ళు ఇంకా పైకి దోపి ఉన్నాయి. పాదాలు చీలమండల దాకా పసుపచ్చగా ఉన్నాయి. కొందరు తలలు తిప్పి చూశారు.

"ఆకలికి బియ్యమూ నూకలూ చమానం!"

హాలు నవ్వింది. ఎవరో కుర్రవాడు "చమానమంట!" అన్నాడు. అది పక్కవాళ్ళకు వినిపించింది కానీ వేదిక దాకా పోలేదు. నవ్వు మాత్రం పోయింది.

వేదిక మీద నుంచి ఆమె చూసింది ఇది. తలుపు తెరుచుకుంది. అమ్మ వచ్చి నిలబడింది. అందరూ వెనక్కి తిరిగారు. అందరూ నవ్వారు.

వాళ్ళమ్మ గుమ్మంలోంచి ఒక అడుగు వెనక్కి వేసింది. కొంగు తల మీదికి లాక్కుంది. స్నేహితురాలు మిగిలిన ఉపన్యాసాన్ని ఏ గొంతుతో చెప్పిందో నాకు గుర్తు లేదు. చాలా త్వరగా అయిపోయింది.

అవకాశం నాకు వచ్చింది.

బయట లారీ దగ్గర ముగ్గురం నిలబడ్డాం. వాళ్ళమ్మ గుడ్డలో కట్టి తెచ్చిన తపాలచెక్క విప్పి నాకే ముందు ఇచ్చింది.

"గెలిసినవంట బిడ్డా. మంచిగైంది. తిను."

తిన్నాను. స్నేహితురాలు నన్ను పక్కకు తీసుకుపోయి మెల్లగా అడిగింది.

"ఎందుకు నవ్విన్రే?"

"ఏమో. నేను సరిగా వినలేదు."

"మా అమ్మను జూసి నవ్విన్రు."

ఒక్క మాట చాలు. అమ్మను చూసి కాదు, నీ నోట తప్పు వచ్చింది అంటే చాలు. అంటే ఆమె అడుగుతుంది, నువ్వు రెండుసార్లు విన్నావు కదా అని. చేతిలో మిగిలిన తపాలచెక్క ముక్క నోట్లో పెట్టుకున్నాను. ఆమె తల్లితో లారీ ఎక్కింది. తిరుగు బస్సులో సారు నాతో అన్నారు, "ఉచ్చారణ దెబ్బ తీసిందమ్మా. ఆ పిల్లకు చెప్పకు, బాధపడుతుంది." నా పాపానికి ఆయన తెలియకుండానే ఒక మంచి పేరు పెట్టి ఇచ్చారు. ఆ మాట చాటున నేను చాలా ఏళ్ళు ఉన్నాను.

హైదరాబాదు వెళ్ళాను. చదివాను. వాదించాను. పేరొచ్చింది. ఆమె రెండేళ్ళు కళ్ళం మీద నడిచి, తర్వాత కోదాడ సంబంధం చేసుకుని వెళ్ళి, అక్కడ అంగన్‌వాడీలో పని సంపాదించుకుని రిటైరయింది. అడపాదడపా కలుస్తూనే ఉన్నాం. శుభకార్యాలకు పిలుచుకున్నాం. ఎన్నడూ ఆ హాలు సంగతి రాలేదు. వాళ్ళమ్మ పోయి ఆరేళ్ళు. నేను వెళ్ళి చూశాను కూడా.

ఆవిష్కరణ సభ అయిపోయిన మర్నాడు ఆ నవల ఒక ప్రతి పట్టుకుని కోదాడ వెళ్ళి ఆమెకిచ్చాను. వారానికి ఫోన్ చేసింది.

"సదివిన. మస్తుగుంది. రంగుల పిల్ల గడిల అడుగు పెట్టేకాడ నాకు గుండె దడదడ కొట్టుకుంది. ఒక్కసారి రా, మాట్లాడుకుందం."

వెళ్ళాను. చాయ్ పెట్టింది. పుస్తకంలో ఆమెకు నచ్చినవన్నీ పేజీలు మడిచి పెట్టుకుంది. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం, దొరసాని గుర్రపుబండి దిగలేక ఇరుక్కున్న చోట. అప్పుడు అంది.

"ఆఖర్న గా ఏడుపులేందే? గంత జల్ది మాఫ్ చేస్తరా ఎవలన్న?"

"నాకూ అక్కడ నమ్మకం కలగలేదు."

"నాకైతే గా గడి వాకిలి కతనే మంచిగనిపించింది. ఎరగనట్టు పోతది సూడు, గది. అట్ల పోతరు మనుషులు. నేను పోలేదా?"

"నువ్వెక్కడ పోయావు?"

"మా అమ్మను." చాయ్ గ్లాసు కింద పెట్టింది. "సూర్యాపేటల గందరు మా అమ్మను జూసి నవ్విన్రు గద. గా దినం సంది అమ్మను నేను ఏడికీ తోలుకపోలే. నా పెండ్లికి వెనకాల కూసోబెట్టిన. నా పిల్లల బడికి రావద్దన్న. అంగన్‌వాడీల నాకు సన్మానం జేసిన్రు సూడు, గప్పుడు గూడ ఇంట్లనే ఉండుమన్న. ఆమె గూడ ఎన్నడు అడగలే. నేనొస్తే నీకు నామోషి బిడ్డా, గాడ సూసిన గద, అనేది."

నేను నిజాన్ని నమ్మి బతికిన మనిషిని. నిజం చెప్పడానికి మంచి వేళ, చెడ్డ వేళ ఉండదని ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు. చెప్పేశాను. స, చ. ఊక గుట్ట మీద రెండుసార్లు వినడం. ఏం లేవు, మంచిగుంది అనడం. కుర్రవాడి మాట. అన్నీ వరసగా, వ్యాసం చదివినట్టు చెప్పాను.

ఆమె వింటూ, మడిచి పెట్టుకున్న పేజీలను ఒక్కొక్కటే సాపు చేసింది.

"ఏమన్న నేను? మల్లొకపారి సెప్పు."

"చమానం అన్నావు."

"చమానం," అంది మెల్లగా. నోట్లో తిప్పి చూసుకుంది. "చమానం." ఫక్కున నవ్వింది. నిజంగానే నవ్వొచ్చే మాట. నవ్వు ఆగడానికి కొంచెం సేపు పట్టింది. ఆగాక కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"అయితే మా అమ్మను జూసి నవ్వలే."

"లేదు."

"ఎవలు నవ్వలే?"

"ఎవరూ నవ్వలేదు. కొందరు తల తిప్పి చూశారు, అంతే."

"మరి ఎందుకు సెప్పలే?"

"బాధపడతావని సారు చెప్పొద్దన్నారు."

"సారు ఎప్పుడు పోయిండు?"

"ముప్పై ఏళ్ళవుతోంది."

"సారు పోయినంక మా అమ్మ ఇరవై నాలుగేండ్లు బతికింది," అంది. గొంతు పెంచలేదు. "నువ్వు మా ఇంటికి ఎన్నిమార్లొచ్చినవ్? వచ్చినప్పుడల్ల అమ్మ నీకు చాయ్ బోసింది. గప్పుడు ఎవలు వద్దన్నరు?"

వరండాలో సారు మాకు నేర్పింది ఇదే. ఎదుటివాడి సాకు ఎక్కడ తెగుతుందో చూసి అక్కడ ప్రశ్న పెట్టాలి. ఆమె గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది. కడిగిన చప్పుడు వినిపించింది. తిరిగి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఇగ నువ్వు పో. కోపానికి కాదు. మల్ల నేను పిలుస్త. ఇయ్యాల నేను అమ్మతోని మాట్లాడాలె. ఆమెకు ఎరకలేదు గద, ఎవలు నవ్వలేదని."

పోయినవాళ్ళకు వినిపించదని నేను మూడు పుస్తకాలు రాశాను. ఆ వాదనలో ఒక్క లోపం ఎవరూ చూపించలేకపోయారు. ఆ తలుపు దగ్గర నిలబడి, అది నిజం కాకపోతే బాగుండునని మొదటిసారి అనుకున్నాను. చెప్పులు వేసుకుంటుంటే ఆమె అప్పటికే లోపలి గదిలోకి వెళ్ళి మొదలుపెట్టింది. మెల్లని గొంతు, మా ఊరి మాటల్లోనే. "అమ్మా, గా దినం సూర్యాపేటల..." అన్నంత వరకు విన్నాను.